పోయిన తీరుతో మనిషిని కొలవొద్దు

“పుణ్యాత్మురాలు, నిద్రలోనే పోయింది” అంటారు. “ఏం పాపం చేసుకున్నాడో, ఇన్నాళ్ళు మంచాన పడి తీసుకుంటున్నాడు” అనీ అంటారు. గుంటూరులో మెడికల్ వార్డు నర్సుగా నా ఉద్యోగమంతా ఈ రెండు మాటలూ వింటూనే గడిచింది. రెండో మాట చాలాసార్లు రోగికి వినపడేలాగే అనేవాళ్ళు. నిత్యం పూజ చేసుకునే మాస్టారు క్యాన్సర్ నొప్పితో అరుస్తుంటే, చూడ్డానికొచ్చినవాళ్ళకు ఏమనాలో తోచేది కాదు. పక్క మంచం మీద లివర్ చెడి, పొట్టనిండా నీరు చేరినవాడి విషయంలో మాత్రం తీర్పు సిద్ధంగా ఉండేది: “తాగి తెచ్చుకున్నాడు.”

రిటైరయ్యాక బుద్ధుడి బోధలున్న పాళీ సుత్తాలను హిందీ అనువాదాల్లో చదవడం మొదలుపెట్టాను. బౌద్ధం అంటే ధ్యానం, అహింస అనుకుంటాం. మంచాన పడ్డ గృహస్థులతో ఎలా మాట్లాడాలి, పోయినవాళ్ళ గురించి ఏమనకూడదు అన్న విషయాలు కూడా ఆ గ్రంథాల్లో వివరంగా ఉన్నాయి. వాటివల్ల నాకు గట్టిపడిన నమ్మకం ఇది: పోయినవాళ్ళకు మార్కులు వేసే హక్కు మనకు లేదు, పోయేవాళ్ళ మనసు తేలికచేసే బాధ్యత ఉంది.

బుద్ధుడి ఆఖరి ప్రయాణం

బుద్ధుడు పోయిన తీరే చూడండి. వయసు 80. వైశాలి దగ్గర బేలువ గ్రామంలో వానాకాలం గడుపుతూ ఒకసారి చావు దాకా వెళ్ళి తేరుకున్నారు. తర్వాత పావాలో చుందుడనే కమ్మరి పెట్టిన భోజనం చేశారు. రక్త విరేచనాలు పట్టుకున్నాయి, ప్రాణం పోయేంత నొప్పి. ఆ నొప్పితోనే కుశీనగరానికి నడిచారు. దారిలో చెట్టు కింద ఆగి, దాహంగా ఉందని వెంట ఉన్న శిష్యుడు ఆనందుణ్ణి నీళ్ళడిగారు. మహాపరినిబ్బాన సుత్తంలో ఆ భాగం చదివినప్పుడల్లా, ఒళ్ళంతా నీరసించి వార్డుకు వచ్చిన ముసలివాళ్ళే నాకు కళ్ళముందు కనిపిస్తారు.

మనం వాడే కొలతతో చూస్తే అది సుఖమైన చావు కాదు. ఆయన ప్రధాన శిష్యుడు మొగ్గల్లానుణ్ణి దొంగలు కొట్టి చంపారని అట్టకథలు, అంటే సుత్తాల మీద రాసిన వ్యాఖ్యానాలు, చెబుతాయి. పాపం చేసినవాళ్ళే బాధపడి పోతారనుకుంటే వీళ్ళిద్దరినీ ఏమనాలి?

ఆ నొప్పిలో బుద్ధుడికి చుందుడు గుర్తొచ్చాడు. నీ చేతి కూడు తినే పోయారని రేపు ఎవరో ఒకరు అతణ్ణి అంటారు, అతను జీవితాంతం కుమిలిపోతాడు. అందుకే ఆనందుడికి ఒక పని అప్పగించారు. తనకు జ్ఞానోదయానికి ముందు పెట్టిన భోజనం, ఈ చివరి భోజనం రెండూ సమానమైన పుణ్యమేనని చుందుడికి చెప్పి అతని మనసు కుదుటపరచాలి. పోయేముందు ఆయన అంత శ్రద్ధ పెట్టి చేసిన పనుల్లో ఇదొకటి.

మిగసాల అడిగిన ప్రశ్న

మిగసాల అనే ఉపాసిక ఇంటికి ఆనందుడు భిక్షకు వెళ్ళినప్పుడు ఆమె నిలదీసినట్టే అడిగింది. ఆమె తండ్రి పురాణుడు బ్రహ్మచర్యం పాటించినవాడు. పినతండ్రి ఇసిదత్తుడు భార్యతో కాపురం చేసినవాడు. పోయాక ఇద్దరికీ ఒకే గతి కలిగిందని బుద్ధుడు చెప్పారు. ఇద్దరూ సమానమెలా అవుతారన్నది ఆమె సందేహం.

బుద్ధుడి జవాబు అంగుత్తర నికాయంలో ఉంది. శీలంలో పురాణుడు ఎక్కువ, ప్రజ్ఞలో ఇసిదత్తుడు ఎక్కువ. పైకి ఒకేలా కనిపించే ఇద్దరిలో లోపల ఎవరు ఎంత దూరం వెళ్ళారో చూసేవాళ్ళకు తెలియదు. అందుకే మనుషుల్ని కొలిచే పని పెట్టుకోవద్దని, కొలిచేవాడు తన గోతిని తానే తవ్వుకుంటాడని హెచ్చరించారు. మంచీ చెడూ తేడా లేదని దీనర్థం కాదు. తాగుడు చెడ్డదని బౌద్ధుల పంచశీలాలే చెబుతాయి. తాగడం తప్పని చెప్పవచ్చు. కానీ ఆ మంచం మీదున్న మనిషి మొత్తంగా ఎలాంటివాడో తేల్చడానికి మనకున్న సమాచారం చాలదు.

ఒరిగిన వైపే పడుతుంది

శాక్యుడైన మహానాముడికి ఇంకో భయం ఉండేది. కపిలవస్తు కిక్కిరిసిన ఊరు. సాయంత్రం భిక్షువుల దగ్గర్నుంచి ఇంటికి వెళ్తుంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, బళ్ళు ఎదురొస్తాయి. ఆ గందరగోళంలో ఎరుక తప్పిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో పోతే తన గతేమిటి? హైదరాబాద్ రోడ్ల మీద బండి నడిపేవాళ్ళకు ఈ భయం బాగానే అర్థమవుతుంది.

భయపడకు అన్నారు బుద్ధుడు. తూర్పుకు ఒరిగిన చెట్టును నరికితే తూర్పుకే పడుతుంది. ఏళ్ళ తరబడి శ్రద్ధ, శీలం, త్యాగాలతో పెంచుకున్న మనసు ఒక్క క్షణం చెదిరినంత మాత్రాన దారి తప్పదు. ఆఖరి ఘడియలో దేవుడి పేరు నోట రాలేదని కుమిలిపోయే కుటుంబాలకు ఇంతకన్నా ఊరట ఏముంది?

ఆ ఒరగడం రోజూ జరిగేదే. నడక, కూర్చోవడం, తినడం, చివరికి మలమూత్ర విసర్జన దాకా ఏం చేస్తున్నా ఎరుకతో చేయమంటుంది సతిపట్ఠాన సుత్తం. నాగార్జునసాగర్‌లో ఉన్న విపశ్యన కేంద్రంలో 10 రోజుల శిబిరానికి వెళ్ళినప్పుడు, గంటసేపు కదలకుండా కూర్చోబెట్టేవారు. మోకాలు సలుపుతుంది. కాసేపటికి ఆ సలుపు వేరు, ‘ఎందుకు వచ్చాన్రా దేవుడా’ అన్న గోల వేరు అని తెలిసిపోతుంది. నొప్పి తగ్గదు, గోల తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ సాధన మొదలుపెట్టాలి. అలాగని నొప్పికి మందు వద్దనుకోకండి. భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలో మందుల మీద ఒక అధ్యాయమే ఉంది.

నకులమాత మాటలు

భగ్గుల దేశంలో నకులపిత అనే గృహస్థుడు మంచాన పడ్డాడు. భార్య నకులమాత పక్కన కూర్చుని, దిగులుతో పోవద్దని చెప్పింది. ఆ తర్వాత అతని దిగుళ్ళన్నీ ఒక్కొక్కటే తీసింది. నూలు వడకడం తనకొచ్చు, పిల్లల్ని సాకగలదు, ఇల్లు నిలబెట్టగలదు. మరో మగవాడి వైపు చూడదు, ధర్మం తప్పదు. ఆమె మాటలకు అతని జబ్బే తగ్గిపోయింది. కర్ర పట్టుకుని బుద్ధుడి దగ్గరికి వెళ్తే, ఇలాంటి భార్య దొరకడం నీ భాగ్యమన్నారాయన.

మా వార్డులోనూ ఒక నకులమాత ఉండేది. ఆమె భర్త, తెనాలి వైపు రైతు, ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మీద ఉన్నాడు. మాటిమాటికీ మాస్కు పక్కకు లాగి ఏదో చెప్పబోయేవాడు. “ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా, నీకేం కాదు, పడుకో” అని కొడుకు మాస్కు సర్దేవాడు. గేదెను ఎవరికో అప్పగించి ఆమె ఊరి నుంచి వచ్చింది. స్టూలు దగ్గరికి జరుపుకుని, చెవి పక్కన నోరు పెట్టి చెప్పింది: “ఏమయ్యో, వింటున్నావా. సొసైటీ అప్పుకి వడ్డీ కట్టేశాం. చిన్నదాని ఫీజు కట్టాం. పాస్‌పుస్తకం బీరువాలోనే ఉంది. గేదె ఈనింది, పెయ్యదూడ. నేను మనింట్లోనే ఉంటా, ఎవరి దగ్గరా చెయ్యి చాపను.” ఆయన మాస్కు లాగడం మానేశాడు. తర్వాత రెండు రోజులకు, ఆయాసపడుతూనే పోయాడు. చూసినవాళ్ళు దాన్ని ఏ చావన్నా అననివ్వండి, ఆయన మోస్తున్నవన్నీ ఆమె దించేసింది.

పడక పక్కన మన పని

ఒక విహారంలో విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు చూశారు. అతని వల్ల తమకు ఉపయోగం లేదని మిగతావాళ్ళు వదిలేశారు. ఆనందుడితో నీళ్ళు తెప్పించి, బుద్ధుడు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ తలవైపు, కాళ్ళవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చేయదలిస్తే రోగికి చేయండని భిక్షువులకు చెప్పారు. రోగిని చూసుకునేవాళ్ళకు ఉండాల్సిన లక్షణాలూ అక్కడే చెప్పారు: మందు సిద్ధం చేయగలగాలి, ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, ప్రేమతో చేయాలి, మలమూత్రాలకూ వాంతికీ ఏవగించుకోకూడదు, మంచి మాట చెప్పి ధైర్యమివ్వగలగాలి. నర్సింగ్ స్కూల్లో మేం నేర్చుకున్న పాఠమూ ఇదే.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు మంచాన పడితే, చెప్పాలనుకున్నది చెప్పనివ్వండి. “నీకేం కాదు” అని నోరు మూయించకండి. అప్పులు, పిల్లలు, పొలం, వెనక మిగిలేవాళ్ళ సంగతి నిజంగా చెప్పండి. కుదరని మాట ఇవ్వకండి. మాట పడిపోయినా చెవి వింటోందనే అనుకుని చెప్పండి. వాళ్ళు తప్పులు చేసి ఉంటే ఆ లెక్క తేల్చే సమయం అది కాదు. ఇవన్నీ ఎవరైనా చేయగలిగినవే. చేయడానికి ఆ గదిలో ఉండాల్సింది మనమే.