ముందు అంచనా కాగితం, తర్వాతే సూది

అమెరికాలో జబ్బుపడ్డ కుక్కను అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆసుపత్రికి తీసుకెళితే, వెటర్నరీ డాక్టరు ఒకసారి చూసి లోపలికి వెళ్లాక మన చేతికి ఒక కాగితం వస్తుంది. దాని పేరు ఎస్టిమేట్. రక్తపరీక్ష, ఎక్స్‌రే, సెలైన్, రాత్రంతా ఆసుపత్రిలో ఉంచుకునే ఖర్చు.. అన్నీ వరసగా ఉంటాయి. చివర్లో రెండు అంకెలు. తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత. కింద సంతకం పెట్టాలి. చాలాచోట్ల అందులో పెద్ద భాగం అక్కడికక్కడే డిపాజిట్ కట్టాలి. ‘ముందు సెలైన్ ఎక్కించండి, డబ్బు రేపు చూసుకుందాం’ అంటే కుదరదు.

నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ తెలుగువాళ్లకు ఈ కాగితం ఇప్పుడు కొత్తేమీ కాదు. రాలీకి, డర్హామ్‌కి మధ్య, విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊరది. 2020 జనగణనలో జనాభా ముప్పై వేలకు కాస్త తక్కువ. అందులో నలభై శాతం పైగా ఆసియా మూలాలున్నవాళ్లే. లెనోవో కంపెనీ అమెరికా ప్రధాన కార్యాలయం ఇక్కడే. 1959లో పుట్టిన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ పక్కనే. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ తొలి సీజన్‌కు మ్యాచ్‌లు ఆడించిన చర్చ్ స్ట్రీట్ పార్క్ మైదానం కూడా ఈ ఊరిదే. హిందూ సొసైటీ గుడి ఊళ్లోనే ఉంది, వెంకటేశ్వరస్వామి గుడి పక్కనున్న క్యారీలో. సాయంత్రం పూట కాలిబాటల మీద తెలుగు మాటలు వినిపిస్తాయి. ఆ మాట్లాడేవాళ్లలో కొందరి చేతిలో కుక్క గొలుసు ఉంటుంది. పిల్లలు పట్టుబట్టారనో, కొవిడ్ రోజుల్లో ఇల్లు కదలకుండా కూర్చుని విసుగెత్తో తెచ్చుకున్న కుక్కలకు ఇప్పుడు నడివయసు వచ్చింది. ఖర్చులు మొదలయ్యే వయసు అది.

కుక్క చెప్పిన లెక్క

ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఎక్కువమందికి కంపెనీ ఇచ్చే ఆరోగ్యబీమా ఉంది. పిల్లాడికి చెవిపోటు వస్తే ముప్పయ్యో నలభయ్యో డాలర్ల కోపే (మన వాటా) కట్టి వచ్చేస్తారు. ఆ వైద్యం అసలు ఖరీదెంత, ఆసుపత్రి ఎంత అడిగింది, బీమా కంపెనీ ఎంతకు ఒప్పుకుంది అన్నది నెల తర్వాత వచ్చే కవర్లో ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ. కుక్కకు ఆ తెర లేదు. యంత్రం అద్దె, మత్తుమందు, నర్సు జీతం, గది ఖర్చు అన్నీ కలిపి మొత్తం ధర మొహం మీదే చెబుతారు. అమెరికాలో వైద్యం ఎంత ఖరీదైనదో చాలామంది తెలుగువాళ్లకు మొదట తెలిపింది పెంపుడు కుక్కే అంటే అతిశయోక్తి కాదు.

మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్‌కు నాలుగు నుంచి ఏడు వేల డాలర్లు. మొక్కజొన్న కండె మింగి పేగులో ఇరుక్కుంటే కోసి తీయడానికి రెండు వేల నుంచి ఐదు వేల పైదాకా. మత్తు ఇచ్చి పళ్లు శుభ్రం చేయించడానికే ఐదారు వందలు దాటుతుంది. ఒకటో రెండో పళ్లు పీకాల్సి వస్తే అది వెయ్యి మీద ఆగదు.

వినేవాళ్లకు మన ఊళ్లు గుర్తుకు రావడం సహజం. మనకు పశువుల ఆసుపత్రి అంటే సర్కారుది. గేదెలకు గొంతువాపు టీకా, గొర్రెలకు నట్టల మందు, ఈనలేక అవస్థ పడుతున్న ఆవు దగ్గరికి సైకిల్ మీద వచ్చే డాక్టరు. పాడి ఇచ్చే, దున్నే జీవానికి వైద్యం ప్రభుత్వ బాధ్యత అన్న లెక్కలో ఆ వ్యవస్థ నడిచింది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు కూడా ఆ దారిలోవే. కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్లడం నిన్నమొన్నటిదాకా పల్లెల్లో వింత. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ముందు ఇప్పుడు కుక్కలతో నిలబడేవాళ్లను చూస్తే కాలం మారిందని అర్థమవుతుంది. ప్రైవేటు పెట్ క్లినిక్‌లలో అక్కడా బిల్లు వేలల్లోకి వెళుతోంది. అయినా రూపాయల్లో వేలకూ డాలర్లలో వేలకూ మధ్య ఉన్న దూరం ఎంతో చెప్పక్కర్లేదు. వేసవికి వచ్చిన మామగారు కోడలి చేతిలోని ఎస్టిమేట్‌ను రూపాయల్లోకి గుణించి, ఇంకేం మాట్లాడకుండా బాల్కనీలోకి వెళ్లిపోతారు.

పులిహోర, పాయసం, పాము

తెలుగింటి కుక్కకు అమెరికన్ కుక్కకు లేని గండం ఒకటుంది. అది వంటింట్లో ఉంది.

‘అమ్మా, దానికి మన తిండి పెట్టొద్దు’ అని కూతురు చెబుతూనే ఉంటుంది. ‘నాలుగు మెతుకులు పెడితే ఏమవుతుందే, అది మాత్రం ప్రాణి కాదా’ అంటుంది తల్లి. పాయసంలోంచి ఏరి పెట్టిన కిస్‌మిస్, మిగిలిన పులిహోర ముద్ద కుక్క గిన్నెలోకి వెళతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల్లో కొన్నింటికి కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టర్లకు రెండు దశాబ్దాలుగా తెలుసు. ఎందుకో మాత్రం చాలాకాలం తెలియలేదు. ఒక కుక్క పది ద్రాక్షలు తిని తోక ఊపుతూ తిరిగేది, ఇంకోటి నాలుగింటికే మంచమెక్కేది. చిక్కుముడి విప్పింది పిల్లలు ఇంట్లో ఆడుకునే పిండిముద్ద. క్రీమ్ ఆఫ్ టార్టార్ కలిపి చేసిన ఆ ముద్దను తిన్న కుక్కలో సరిగ్గా అవే లక్షణాలు కనిపించాయి. ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ విషవైద్య కేంద్రంలోని పశువైద్యులు దాన్ని పట్టుకుని, అసలు దోషి టార్టారిక్ ఆమ్లమై ఉండాలని 2021లో ప్రతిపాదించారు. పండును బట్టి, పక్వాన్ని బట్టి ఆ ఆమ్లం మారుతుంది కాబట్టే కుక్క కుక్కకూ ఫలితం మారుతోందన్నమాట. మరుసటి ఏడాది వాళ్లు రాసిన పత్రంలో ఇంకో పేరు చేరింది. చింతపండు.

టార్టారిక్ ఆమ్లం చింతపండులో ఉన్నంతగా మరే పండులోనూ ఉండదంటారు. కంచం అంచున చుక్క చారు నాకగానే కుక్క చచ్చిపోతుందని కాదు. కానీ చింతపండు ఉండ మింగినా, పులిహోర గిన్నె ఖాళీ చేసినా ఆలోచించేంత సమయం లేదు. గంటా రెండు గంటల్లో వాంతి చేయించాలి, తర్వాత రెండు రోజులు సెలైన్, మూడు రోజుల పాటు కిడ్నీ పరీక్షలు. బిల్లు సులువుగా వేల డాలర్లలో పడుతుంది. విషవైద్య కేంద్రానికి ఫోన్ చేసి సలహా అడిగితేనే వంద డాలర్ల దాకా ఫీజు. అది దండగ ఖర్చని నేను అనను. ‘ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండండి చాలు’ అని వాళ్లు చెప్పిన రాత్రి ఆసుపత్రి ఖర్చు మొత్తం మిగులుతుంది. ఉల్లి, వెల్లుల్లి సంగతి వేరు. అవి ఎర్రరక్తకణాల్ని దెబ్బతీస్తాయి. అంటే మన కూరల్లో దాదాపు ఏదీ దానికి పనికిరాదు. పెరుగన్నం ఒక్కటే నిరపాయం, తాలింపు వేయనంతవరకు.

ఇక గుమ్మం దాటితే నార్త్ కరోలినా ఉక్క, దోమలు. దోమకాటుతో గుండెలో పురుగులు చేరే హార్ట్‌వార్మ్ జబ్బు ఈ ఆగ్నేయ రాష్ట్రాల్లో ఎక్కువ. నెలకో మాత్ర వేస్తే రాదు. వచ్చాక నడుము కండరంలోకి లోతుగా ఇచ్చే మూడు ఇంజెక్షన్లు, నెలల తరబడి పరుగులు లేకుండా కట్టేసి ఉంచడం, వెయ్యి డాలర్లు దాటే ఖర్చు. వేసవిలో వాగుల వెంట ఉన్న బాటల్లో ఎండుటాకుల రంగులో కలిసిపోయే కాపర్‌హెడ్ పాములుంటాయి. ముక్కు పెట్టి వాసన చూడడం కుక్క నైజం, కాటు పడేది ముక్కు మీదే. విరుగుడు మందు ఒక్కో సీసా వందల డాలర్లు.

ఎందుకింత?

డాక్టర్లు దోచుకుంటున్నారన్నది తేలికగా వచ్చే మాట. అందులో నిజం తక్కువ. పశువైద్యంలో పట్టా పుచ్చుకుని బయటికొచ్చే అమెరికన్ యువ డాక్టరు నెత్తిన చాలాసార్లు లక్షన్నర డాలర్లకు మించిన చదువు అప్పుంటుంది. మనుషుల డాక్టరంత జీతం ఆమెకు రాదు. ఆమెకు అని రాయడం పొరపాటు కాదు, ఆ వృత్తిలో ఇప్పుడు ఆడవాళ్లే ఎక్కువ.

రెండోది, వైద్యం పెరిగింది. రాలీలో ఉన్న నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పశువైద్య కళాశాల 2008లోనే లింఫోమా క్యాన్సర్ వచ్చిన కుక్కలకు ఎముకమజ్జ మార్పిడి మొదలుపెట్టింది. మోరిస్‌విల్ నుంచి కారులో కాసేపటి ప్రయాణం. మనిషికి చేసే స్కానింగ్, మనిషికి ఇచ్చే కీమో అక్కడ కుక్కకూ ఉన్నాయి. ‘కాలేజీ ఆసుపత్రి కదా, చవకగా అయిపోతుంది’ అని మన ఉస్మానియా, కేజీహెచ్ లెక్కలు వేసుకుని వెళ్లేవాళ్లుంటారు. అది స్పెషలిస్టుల ఆసుపత్రి, ధరలూ అలాగే ఉంటాయి.

మూడోది యజమానులు. వీధి చివర ఒక డాక్టరు సొంతంగా నడిపిన క్లినిక్ బోర్డు అలాగే ఉంటుంది, వెనక యజమాని మారిపోయి ఉంటాడు. మార్స్ కంపెనీ 2007 నాటికే బాన్‌ఫీల్డ్ పెట్ క్లినిక్‌లను పూర్తిగా తన చేతిలోకి తెచ్చుకుంది. 2015లో బ్లూపెర్ల్ ఎమర్జెన్సీ ఆసుపత్రుల్ని, 2017లో 910 కోట్ల డాలర్లకు వీసీఏ గొలుసును కొనేసింది. పెడిగ్రీ కుక్కతిండి, స్నికర్స్ చాక్లెట్ తయారుచేసేదీ ఈ మార్సే. కుక్కకు విషమైన చాక్లెట్, ఆ విషానికి వైద్యం ఒకే గొడుగు కింద దొరకడం మన శతకకారులకు తెలిసి ఉంటే ఒక పద్యం పడేది. ఇంకో పెద్ద చేయి జేఏబీ హోల్డింగ్. అది వరసగా ఎమర్జెన్సీ, స్పెషాలిటీ క్లినిక్‌లు కొంటుంటే 2022లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడి కొన్నింటిని అమ్మించింది.

కంపెనీలు కొంటే ధర ఎంత పెరుగుతుందో అమెరికాలో ఒక్కచోట లెక్క దొరకదు. బ్రిటన్‌లో కొంత ఆచూకీ దొరుకుతుంది. 2013లో అక్కడి క్లినిక్‌లలో పెద్ద గ్రూపుల చేతిలో ఉన్నవి పదింట ఒకటి. దశాబ్దం తిరిగేసరికి పదింట ఆరు. 2016 నుంచి 2023 దాకా ధరలు 63 శాతం పెరిగాయని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ తేల్చింది.

బీమా, కార్డు, మొహమాటం

పెంపుడు జంతువుల బీమా అమెరికాలో కొత్తది కాదు. 1982లో మొదటి పాలసీ తీసుకున్నది టీవీ తార, లాసీ అనే కుక్క. అయినా ఇప్పటికీ బీమా ఉన్న కుక్కలు, పిల్లులు నూటికి నాలుగైదే. కుక్కకు సగటున నెలకు యాభై డాలర్ల పైనే ప్రీమియం. అది వయసుతోపాటు పెరుగుతుంది. పాలసీకి ముందున్న జబ్బుకు పైసా రాదు. మనుషుల బీమాతో దీన్ని పోల్చుకుని కొన్నవాళ్లు కంగుతినేది ఇంకోచోట. చాలా కంపెనీల పద్ధతిలో బిల్లంతా ముందు మనం కట్టాలి, తర్వాత కాగితాలు పంపిస్తే కొంత తిరిగొస్తుంది. 2024లో నేషన్‌వైడ్ సంస్థ దాదాపు లక్ష పాలసీలను వదిలించుకుంది. కుక్కకు పదేళ్లొచ్చాక అలా జరిగితే ఇంకో కంపెనీ దగ్గర దాని జబ్బులన్నీ ‘పాతవే’.

కౌంటర్ దగ్గరే చేతిలో పెట్టే వైద్యఖర్చుల కార్డు ఇంకో దారి. గడువులోగా కడితే వడ్డీ లేదు. ఒక్క డాలరు మిగిలిపోయినా మొదటి రోజు నుంచి వడ్డీ మొత్తం వచ్చి పడే రకాలున్నాయి. మనుషుల వైద్యానికి ఇలాంటి కార్డులు, అప్పుల మీద 2018–20 మధ్య జనం వంద కోట్ల డాలర్ల వడ్డీ కట్టారని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ లెక్కగట్టింది. అప్పట్లో మామూలు రేటు ఏడాదికి 27 శాతం దగ్గర. మన ఊరి వడ్డీవ్యాపారి నూటికి రెండు రూపాయల వడ్డీ ఇంతకన్నా నయం.

2025లో గ్యాలప్, పెట్‌స్మార్ట్ చారిటీస్ ప్రకటించిన సర్వేలో పెంపుడు జంతువులున్న అమెరికన్లలో సగానికి కాస్త ఎక్కువమంది, 52 శాతం, అవసరమైన వైద్యాన్ని మానుకున్నామనో వద్దన్నామనో చెప్పారు. ప్రధాన కారణం డబ్బు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించిన సంగతి ఇంకోటి. ఖర్చు భరించలేక వద్దన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి ఇంకో చవకైన మార్గం ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పలేదు సరే, వీళ్లు అడిగారా? మోరిస్‌విల్ తెలుగువాళ్ల విషయంలో నాకు అనుమానమే. కూరగాయల దగ్గర గీసి గీసి బేరమాడే మనం తెల్లకోటు ముందు నోరు విప్పం. లక్ష డాలర్ల జీతగాడు కుక్కకు రెండు వేలు పెట్టలేనని చెప్పడం నామోషీ అనుకుంటాం. సంతకం పెట్టేసి వచ్చి ఆర్నెల్లు కార్డు కడతాం, లేదా ‘ఆలోచించుకుని చెబుతాం’ అని కుక్కను కారెక్కిస్తాం. రెండూ డాక్టరుకు అసలు సంగతి చెప్పకుండా చేసేవే.

ఎస్టిమేట్ భయపెట్టే కాగితమే. కానీ మనిషి వైద్యంలో దొరకనిది అదే. ప్రతి పద్దూ ధరతో సహా ముందే కళ్ల ముందుంటుంది. ‘నా దగ్గర పన్నెండు వందలున్నాయి, ఇందులో ఏది చేస్తే దీనికి ఎక్కువ మేలు?’ అని అడిగితే చాలామంది డాక్టర్లు ఊపిరి పీల్చుకుంటారు. స్పెక్ట్రమ్ ఆఫ్ కేర్ అని ఇప్పుడు పశువైద్య కళాశాలల్లో నేర్పుతున్నది ఈ పద్ధతే. స్కానింగ్ బదులు ఎక్స్‌రేతో సరిపెట్టొచ్చా, రాత్రి ఎమర్జెన్సీలో ఉంచి పొద్దున మామూలు క్లినిక్‌కు మార్చొచ్చా, ఈ రక్తపరీక్ష ఫలితం వల్ల చికిత్స మారుతుందా అని పద్దు పద్దుకూ అడగొచ్చు.

చిన్న ఖర్చులకూ దారులున్నాయి. నార్త్ కరోలినాలో నాలుగు నెలలు దాటిన కుక్కకు, పిల్లికి రేబిస్ టీకా చట్టరీత్యా తప్పనిసరి. ప్రతి కౌంటీ ఏడాదికి ఒక్కసారైనా టీకా శిబిరం పెట్టాలని అదే చట్టం చెబుతోంది. మోరిస్‌విల్ ఉన్న వేక్ కౌంటీలోని ఎస్‌పీసీఏ జంతు సంరక్షణ సంస్థలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు తక్కువ ధరకు చేస్తారు. మందుల చీటీ రాసివ్వమని డాక్టర్ని అడిగే హక్కు మనకుంది. కుక్కలకు వాడే మందుల్లో కొన్ని మనుషులవే, వాల్‌మార్ట్‌లోనో కాస్ట్‌కోలోనో అదే మాత్ర చాలా తక్కువకు దొరుకుతుంది. నొప్పికి రాసే గాబాపెంటిన్ అలాంటిదే. అది మాత్ర లేదా క్యాప్సూల్ రూపంలోనే తీసుకోవాలి. మనుషుల సిరప్‌లో తీపి కోసం జైలిటాల్ కలిపి ఉండొచ్చు. కుక్కకు అది విషం.