తోలుబొమ్మకు నీటిరంగుల నకలు

తోలుబొమ్మలాట చూశారా? అనంతపురం కరువుసీమలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ బొమ్మలకు పేరుపడ్డ ఊరు. 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. మేకతోలును పలుచగా గీకి ఆరబెడితే కాంతి దానిగుండా సాగుతుంది. అందుకే వెనుక దీపం పెడితే తెరపై రంగుల నీడ పడుతుంది.

కాని తోలు తేమకు వంకరపోతుంది, పురుగు తింటుంది. బొమ్మతోపాటు దాని రంగులూ కొలతలూ పోతాయి. మరి ఎలా దాచాలి? అమెరికాలో 1935–42 మధ్య చిత్రకారులు పాత బొమ్మలకు, ఇంటి సామానుకు దాదాపు 18,000 చిత్రాలు గీశారు, ఎక్కువగా నీటిరంగులతోనే. నీటిరంగు కూడా పలుచని పొరే. కాంతి దానిగుండా పోయి, తెల్లకాగితానికి తగిలి వెనక్కి వస్తుంది.

మీకు పాత బొమ్మ దొరికితే కొలబద్దతో కొలవండి. వెలుతురు ముందునుంచి పడినప్పుడు ఒకటి, వెనుకనుంచి పడినప్పుడు ఒకటి, రెండు చిత్రాలు గీయండి. రంగులు ఒకేలా ఉన్నాయా?