పెద్దన్నతో పార్కుకు

"నేను రాను తమ్మీ, మీరు పోయి రాండ్రి" అన్నాడు పెద్దన్న. మస్కట్‌లో, గాలా ప్రాంతంలోని మా గదిలో ఆ మాట వినడం ఆ వారంలో అది మూడోసారి. 2025 జనవరి. ఖురుమ్ పార్కులో 'మస్కట్ నైట్స్' సంబరాలు జరుగుతున్నాయి. 1998లో మొదలైన మస్కట్ ఫెస్టివల్‌ను చూసినవారికి ఈ సందడి కొత్త కాదు. 2023 నుంచి పేరు మారింది, అంతే. గదిలో ఆరుగురం. శుక్రవారం సెలవు. అయిదుగురం వెళ్లి ఒక్కడిని మంచం మీద వదిలేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

పెద్దన్నది జగిత్యాల దగ్గర పల్లె. స్టీల్ ఫిక్సర్. గదిలో అందరికంటే పెద్దవాడు కాబట్టి ఆ పేరు. నవంబరులో బాత్‌రూమ్ దగ్గర తడి టైల్స్ మీద జారిపడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. "ఇన్నేండ్లు స్లాబులల్ల కడ్డీలు కడితి, ఇప్పుడు నా కాళ్లనే ఒకటి వేసిండ్రు" అని ఆ నొప్పిలోనూ నవ్వించింది ఆయనే. ఎనిమిది వారాలయ్యాక డాక్టరు చూసి, కర్రల సాయంతో కొద్దిగా బరువు మోపవచ్చు, పడకుండా చూసుకుంటూ బయటికి వెళ్లవచ్చు అన్నారు.

మరి రాననడం ఎందుకు? చక్రాల కుర్చీలో జనం మధ్య వెళ్లడం నామోషీ. అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఇంటికి 'కాలు బెణికింది' అనే చెప్పాడు. ఆపరేషన్ మాటే ఎత్తలేదు. రెండు నెలలుగా నడుము పైవరకు తీసిన ఫోటోలే పంపుతున్నాడు. బిడ్డ మాత్రం 'బాపూ, నిలువు ఫోటో పంపు' అని అడుగుతూనే ఉంది. గల్ఫ్‌లో ఉన్న మనకు ఇది కొత్తా? జ్వరమొస్తే జలుబంటాం. జీతం ఆగితే బ్యాంకుకు సెలవంటాం.

జీతం బెంగ కూడా ఉంది. ఒమాన్‌లో 2023లో వచ్చిన కార్మిక చట్టం ప్రకారం అనారోగ్య సెలవు ఏడాదిలో 182 రోజుల వరకు ఇస్తారు. మొదటి 21 రోజులు పూర్తి జీతం, 35వ రోజు దాకా 75 శాతం, 70వ రోజు దాకా సగం, ఆ తర్వాత 35 శాతం. పెద్దన్న అప్పటికి సగం జీతంలో ఉన్నాడు. 'పనికి పోనోనికి పార్కెందుకు' అన్నది ఆయన లెక్క. చివరికి గదిలో అందరికంటే చిన్నోడు "నువ్వు రాకుంటే మేమూ పోం" అని చెప్పులు విడిచి కూర్చున్నాడు. పెద్దన్న చొక్కా అడిగాడు.

పదిహేను సెంటీమీటర్ల గట్టు

తెలిసినవారి దగ్గర మడత కుర్చీ తెచ్చాం. టాక్సీ డిక్కీలో పట్టింది. దారిలో టీకి ఆగాం. ఫుట్‌పాత్ గట్టు పదిహేను సెంటీమీటర్ల ఎత్తు. పక్కన ర్యాంపు ఉంది కానీ నిండా రెండడుగుల పొడవు లేదు. ఇద్దరం తోస్తే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. పెద్దన్న రెండు చేతులా కుర్చీని పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

సూపర్‌వైజరు నుంచి షటరింగ్ కార్పెంటరు దాకా మేమంతా కట్టుబడి పనివాళ్లమే. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలని డ్రాయింగుల్లో చూస్తూనే ఉంటాం. అంటే పదిహేను సెంటీమీటర్ల ఎత్తు ఎక్కాలంటే 180 సెంటీమీటర్ల పొడవు కావాలి. 'జాగా లేదు, ఇంత చాల్లే' అని పొట్టిగా పోయించిన ర్యాంపులు మా చేతుల మీదుగా ఎన్ని పోయాయో! ఆ అంకె ఎందుకు పెట్టారో పెద్దన్న మొహం చూశాకే అర్థమైంది. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మెల్లగా వెనక్కి నడుస్తూ దింపాం.

జెయింట్ వీల్ దగ్గర

ఖురుమ్ అంటే అరబ్బీలో మడ చెట్లు. పక్కనే మడ అడవి ఉంది. కాకినాడ తమ్ముడు 'మా కోరంగిలాగే' అని మురిసిపోయాడు. లోపల రంగుల దీపాలు, ఒమానీల కత్తుల ఆట, నెయ్యీ కుంకుమపువ్వూ ఘుమఘుమలాడే హల్వా. జెయింట్ వీల్ చూడగానే పెద్దన్న కళ్లు మెరిశాయి. జాతరలో రంగులరాట్నం ఎక్కని బాల్యం ఎవరికుంది?

అక్కడి కుర్రాడు కర్రలు చూసి తల అడ్డంగా ఊపాడు. కొత్తగా ఆపరేషన్ అయినవారు ఎక్కరాదని బోర్డు. మాలో ఇద్దరు బతిమాలబోయారు. పెద్దన్నే ఆపాడు. "హెల్మెట్ లేనోన్ని నువ్వు సైటుల రానిస్తవా? ఆ పిల్లగాడూ గంతే" అన్నాడు. నిజమే. కుదుపుకు అతుకుతున్న ఎముక దెబ్బతింటుంది. మధ్యలో ఆగిపోతే దిగి నడవాలి కదా. మేమూ ఎక్కలేదు.

మేం నేర్చుకున్నవి

ఇలా ఎవరినైనా తీసుకెళ్లేవారికి నాలుగు మాటలు. కాలి మీద ఎంత బరువు మోపవచ్చో ముందే డాక్టరును అడగండి. కర్రల మీద బరువు అరచేతులతో మోయాలి, చంకలతో కాదు. చంకకూ కర్రకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. కర్రల కింది రబ్బరు అరిగితే వెంటనే మార్చండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్రలు, దెబ్బ తగిలిన కాలు. జనం పెరగకముందే వెళ్లి టాయిలెట్, కూర్చునే చోటు చూసి పెట్టుకోండి. మధ్య మధ్య కాలు ఎత్తులో పెట్టించండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా ఆలస్యం వద్దు. ఆస్పత్రికి వెళ్లాలి. ఒమాన్‌లో అత్యవసర నంబరు 9999.

నిలువు ఫోటో

చెరువు గట్టున ఫౌంటెన్ ముందు ఫోటోకు నిలబడ్డాం. అలవాటుగా కుర్చీని పక్కకు లాగబోయాం. కర్రలు ఒకడు వెనక దాచాడు. పెద్దన్న కాసేపు నీళ్లవైపు చూశాడు.

"కుర్చీ తీయకుండ్రి. కర్రలు ఇటియ్యి. కాలు పడేటట్టు తియ్యి" అన్నాడు.

ఆ ఫోటో అక్కడినుంచే ఇంటికి పంపాడు. గదికి చేరేసరికి ఫోను. వదిన అరగంట సేపు తిట్టింది. మధ్యలో ఏడ్చింది. మళ్లీ తిట్టింది. పెద్దన్న 'ఊ' కొడుతూ అంతా విన్నాడు. ఫోను పెట్టేసి, కాలు దిండు మీదికి ఎత్తి పడుకున్నాడు. రెండు నెలల్లో మాకంటే ముందు ఆయన నిద్రపోయిన రాత్రి అదే.