యూనిట్ టెస్టింగ్

ఒక ప్రోగ్రాములోని చిన్న భాగాన్ని, సాధారణంగా ఒక ఫంక్షనును, మిగతా భాగాల నుండి వేరుచేసి, దాని నుండి రావలసిన జవాబే వస్తున్నదో లేదో మరో చిన్న ప్రోగ్రాముతో సరిచూడటాన్ని యూనిట్ టెస్టింగ్ అంటారు. కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జావా భాష కోసం రాసిన జేయూనిట్ వలన ఈ పద్ధతి బాగా వ్యాప్తి చెందింది.

కంపైలరు ఉండగా పరీక్ష ఎందుకు?

సీ, గో, రస్ట్ వంటి భాషలలో ప్రోగ్రామును ముందుగా కంపైలరు యంత్రభాషలోకి మారుస్తుంది. పూర్ణసంఖ్య ఉండవలసిన చోట పదం ఉంటే అప్పుడే తప్పు చూపుతుంది. అయితే వచ్చిన పూర్ణసంఖ్య సరైనదా కాదా అన్నది దానికి తెలియదు. ఆ పని పరీక్షది.

గో భాషలో పరీక్షకు కావలసిన ప్యాకేజీ భాషతోపాటే వస్తుంది. పరీక్షలున్న ఫైలు పేరు చివర "అండర్‌స్కోర్ టెస్ట్" అని ఉండాలి. ఫంక్షను పేరు "టెస్ట్" అన్న పదంతో మొదలు కావాలి. ఇన్‌పుట్‌లను, వాటికి రావలసిన జవాబులను ఒక పట్టికగా రాసి, వరుసగా సరిచూడటం ఈ భాషలో వాడుక.

తెలుగు పేర్లతో ఉదాహరణ

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన మూడు జిల్లాల కేంద్రాలు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. అక్షరాలను లెక్కించే ఫంక్షనుకు ఈ మూడు పేర్లు మంచి పరీక్ష.

"గద్వాల" పొడవు ఎంతని గో భాషలోని లెన్ ఫంక్షనును అడిగితే 18 అని వస్తుంది. అది యూటీఎఫ్-8లో బైట్ల సంఖ్య. పొల్లును, గుణింతపు గుర్తును విడివిడిగా లెక్కించే యూనికోడ్ సంకేతాలైతే 6. బడిపిల్లవాడు చెప్పే జవాబు 3. మూడూ పూర్ణసంఖ్యలే కనుక కంపైలరు దేనికీ అభ్యంతరం చెప్పదు.

పేరును 20 బైట్లకు కత్తిరించే ప్రోగ్రాములో గద్వాల క్షేమంగా ఉంటుంది. 21 బైట్ల వనపర్తికి మాత్రం చివరి గుడి సగంలో తెగి, దాని స్థానంలో పనికిరాని గుర్తు మిగులుతుంది. గద్వాలతో మాత్రమే పరీక్షించినవారికి ఈ లోపం దొరకదు. హద్దుకు ఇటూ అటూ ఉన్న విలువలను పరీక్షలో చేర్చాలనడం ఇందుకే.

నాగర్‌కర్నూల్ చిక్కు వేరు. "ర్" కింద "క" ఒత్తుగా మారకుండా చాలామంది మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తును టైపు చేస్తారు. అది ఉంటే 13 సంకేతాలు, లేకుంటే 12. మనిషికి ఊరు ఒకటే అయినా, రెండు పేర్లనూ నేరుగా పోల్చిన ప్రోగ్రాముకు అవి వేర్వేరు ఊళ్ళు. ఒకే ఊరి చిరునామాలు రెండు పద్దులలో చేరిపోతాయి.

సరైన జవాబు కూడా కాలంతో మారవచ్చు. యూనికోడ్ పాత నియమం "ద్", "వా"లను విడగొట్టడంతో గద్వాలకు 4 అక్షరాలు వచ్చేవి. 2023లో వచ్చిన 15.1 నియమం ప్రకారం 3. లైబ్రరీని మార్చిన రోజున పాత పరీక్ష విఫలమై ఈ మార్పును బయటపెడుతుంది.

పరీక్షలకు అందని లోపం

2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక సంకేతాల వరుస తెరపైకి రాగానే ఐఫోనులలోని అనేక ప్రోగ్రాములు ఆగిపోయాయి. ఆ వరుసలోనూ ఇదే కనబడని గుర్తు ఉంది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సంస్థ దీనిని సరిచేసింది. ఇటువంటి లోపాన్ని దిద్దిన తరువాత, దానికి కారణమైన పదాన్నే ఇన్‌పుట్‌గా పెట్టి ఒక కొత్త పరీక్షను శాశ్వతంగా చేర్చుతారు. దీనిని రిగ్రెషన్ టెస్ట్ అంటారు.