సీనియారిటీ ఒక్కటే చాలునా?
ప్రధానోపాధ్యాయుల నియామకంపై పునరాలోచన

శాంతిపురం: జిల్లా పరిషత్‌ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే ఆ కుర్చీ మరునాడే నిండుతుందన్న హామీ లేదు. సాధారణంగా అక్కడి సీనియర్‌ స్కూల్‌ అసిస్టెంటుకు పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తారు. లెక్కలు చెప్పే మాస్టారే జీతాల బిల్లులు, మధ్యాహ్న భోజనం పద్దులు, పదో తరగతి నామినల్‌ రోల్స్‌ చూడాలి. నష్టపోయేది ఆయన పాఠం వినాల్సిన పిల్లలే.

గ్రేడ్‌-2 ప్రధానోపాధ్యాయ పదవి గెజిటెడ్‌ హోదా గల జోనల్‌ పోస్టు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాలను నాలుగో జోన్‌గా నిర్ణయించింది. శాఖాపరమైన పరీక్షలు ఉత్తీర్ణులైన స్కూల్‌ అసిస్టెంట్లకు సీనియారిటీ క్రమంలో పదోన్నతి లభిస్తుంది. ఆ పరీక్షల్లో అడిగేది నిబంధనలు, ఖాతాల గురించే. బడిని నడిపే నేర్పును తూచే ఏర్పాటు వాటిలో లేదు. కౌన్సెలింగ్‌లో వరుసలో ముందున్నవారు సహజంగా పట్టణాల చెంతనున్న ఖాళీలనే కోరుకుంటారు. మిగిలినవే శాంతిపురం వంటి సరిహద్దు మండలాల వాటా. పైగా పదోన్నతి అందేసరికి పలువురికి సర్వీసు కొద్ది ఏళ్లే మిగిలి ఉంటుంది.

దీనికి తోడు ప్రభుత్వ, పంచాయతీరాజ్‌ ఉపాధ్యాయుల ఏకీకృత సర్వీసు నిబంధనల వివాదం 1998 నుంచి న్యాయస్థానాల చుట్టూ తిరిగింది. 2017లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు సవరణను 2018లో హైదరాబాద్‌ హైకోర్టు కొట్టివేసింది.

మరి పోటీ పరీక్ష పెడితే? బీహార్‌లో 2022లో 6,421 ప్రధానోపాధ్యాయ పోస్టులకు పరీక్ష నిర్వహిస్తే 421 మంది మాత్రమే ఉత్తీర్ణులయ్యారు. ఇంగ్లండులో బడి పాలకమండలే ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేస్తుంది. అక్కడ ప్రధానోపాధ్యాయులకు ప్రత్యేక అర్హత పత్రాన్ని కొన్నేళ్లు తప్పనిసరి చేసి, 2012లో ఆ నిబంధనను ఎత్తివేశారు. ఆ ఎంపిక పద్ధతిని ఇక్కడికి తెస్తే సిఫారసులకు తలుపు తెరిచినట్లేనన్న భయం నిరాధారం కాదు. సీనియారిటీకి ఎన్ని లోపాలున్నా, పైరవీ లేని ఉపాధ్యాయుడికి అదే రక్షణ.

కనుక సీనియారిటీని అట్టే ఉంచి, పదోన్నతి జాబితాలో ఉన్నవారికి ముందే పాఠశాల నిర్వహణలో శిక్షణ ఇవ్వడం, మారుమూల బడిని ఎంచుకున్నవారికి తదుపరి బదిలీల్లో అదనపు పాయింట్లు కల్పించడం ఆచరణసాధ్యమైన మార్గాలు. ఎవరు ఏ నెలలో పదవీ విరమణ చేస్తారో సేవా పుస్తకంలోని పుట్టిన తేదీయే చెబుతుంది. ఆ ఖాళీకి ఆరు నెలల ముందే పేరు ఖరారు చేయడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.