గ్రెనడా దాకా దిగితే హరికేన్ రాదా?

“హరికేన్ల కాలంలో గ్రెనడా వైపు దిగిపోతే చాలు, అక్కడికి తుపాను రాదు.” కరీబియన్ దీవుల మధ్య యాట్‌లో తిరిగేవాళ్ల నోట ఈ మాట ఎప్పటినుంచో నలుగుతోంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి కాటమరాన్ అద్దెకు తీసుకుందామన్నా, ఆగస్టులో చవక అని ఊరించేవాళ్లు ఈ ధైర్యం కూడా కలిపే చెబుతారు. దీన్ని నమ్మి, పడవే ఇల్లుగా బతుకుతున్నవాళ్లు ఆ ఇంటిని పోగొట్టుకున్నారు. అయినా ఇంకా ఇదే మాట చెప్పుకోవడం చూస్తే కోపం వస్తుంది.

2024 జూలై 1న బెరిల్ హరికేన్ తీరం తాకింది గ్రెనడాకే చెందిన కారియకూ దీవిలో. నాలుగో కేటగిరీ గాలి. యాట్ల బీమా పాలసీల్లో 12 డిగ్రీల 40 నిమిషాల ఉత్తర అక్షాంశాన్ని హద్దుగా పెట్టడం మామూలు; సీజన్‌లో దానికి దక్షిణాన ఉండాలంటారు. కారియకూ ఆ గీతకు దక్షిణానే ఉంది. బీమా కంపెనీ తన లెక్క కోసం గీసుకున్న గీతను జనం రక్షణ గోడ అనుకున్నారు.

పోనీ బెరిల్ ఒక్కటే అలా వచ్చిందా? 1955లో జానెట్ వచ్చి గ్రెనడాను, కారియకూను చితక్కొట్టింది. 1963లో ఫ్లోరా ఇంకా దక్షిణాన ఉన్న టొబాగో మీద పడింది. 2004 సెప్టెంబరులో ఇవాన్ గ్రెనడాలో పది ఇళ్లకు తొమ్మిదింటిని దెబ్బతీసింది. ఆ గాయం మానకముందే, 2005 జూలైలో ఎమిలీ వచ్చింది. జానెట్‌కూ ఇవాన్‌కూ మధ్య దాదాపు యాభై ఏళ్లు గడవడంతో, అరుదుగా వచ్చేదాన్ని అసలు రానిదని తీర్మానించేశారు. హుద్‌హుద్ తుపానును చూసిన విశాఖవాసులకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇందులో కొంత నిజం ఉందని మాత్రం ఒప్పుకోక తప్పదు. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ తుపానుకు సుడి అందించే భూభ్రమణ ప్రభావం బలహీనపడుతుంది. పైగా అట్లాంటిక్ దాటి వచ్చే తుపానుల్లో చాలావాటికి వాయవ్యానికి ఒరిగే స్వభావం ఉంటుంది. కాబట్టి దక్షిణానికి వెళ్లేకొద్దీ ప్రమాదం తగ్గుతుంది, గ్రెనడాకు దక్షిణాన ఉన్న ట్రినిడాడ్‌లో ఇంకా తగ్గుతుంది. కానీ తగ్గడం వేరు, లేకపోవడం వేరు.

“వస్తే మడ అడవుల్లోకి దూరిపోవచ్చులే” అనేది దీనికి తోక. కారియకూలోని టిరెల్ బే మడ అడవి పేరుపడ్డ తుపాను ఆశ్రయమే. బెరిల్ ముందు అక్కడ చేరిన పడవలవాళ్లు చేయాల్సిందంతా చేశారు: తెరచాపలు విప్పి లోపల పెట్టారు, మోకులు తెచ్చి మడచెట్ల మొదళ్లకు కట్టారు, లంగర్లు వేశారు. తుపాను దాటాక చెట్లకు ఆకు మిగల్లేదు, పడవలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. మోకు పడవ అంచుకు ఒరుసుకుని ఒరుసుకుని తెగుతుంది. తెగిన ఒక్క పడవ పక్కవాటిని ఈడ్చుకుపోతుంది. మీ ముడి ఎంత గట్టిదైనా, పక్కవాడి ముడి మీ చేతిలో లేదు. 2017 సెప్టెంబరులో ఇర్మా హరికేన్ వచ్చినప్పుడు బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో ఉన్న టొర్టోలాలోని పరాకీటా బేలో, ఒకదాని పక్కన ఒకటి కట్టిన అద్దె పడవలకు పట్టిన గతీ ఇదే.

ముందే తెలుస్తుంది, పారిపోవచ్చు అంటారా? బెరిల్ వాయుగుండంగా ఏర్పడింది జూన్ 28న. రెండు రోజులు తిరిగేసరికి నాలుగో కేటగిరీ అయి కూర్చుంది. తుపాను గంటకు ముప్ఫై కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంటే, యాట్ మామూలుగా పోయేది పన్నెండే. గ్రెనడా నుంచి ట్రినిడాడ్‌కు రాత్రంతా ప్రయాణం. వాయుగుండం కాకముందే, అట్లాంటిక్‌లో అల్పపీడనం కనిపించిన రోజే బయల్దేరితేనే ఫలితం.

అద్దెకు తీసుకునేవాళ్లు మే నెలాఖరులోపే తిరిగి వచ్చేయండి. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు సీజన్. అందులో ఆగస్టు నడిమి నుంచి అక్టోబరు నడిమి వరకు మరీ గడ్డుకాలం. అప్పుడే వెళ్లక తప్పదంటే, పేరు పెట్టిన తుపాను వస్తే డబ్బు వెనక్కిస్తారా లేదా అన్నది ఒప్పందంలో చదివాకే సంతకం పెట్టండి. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ బులెటిన్ రోజూ చూడండి.

కరీబియన్ పడవ ప్రయాణం గురించి మిగతా అపోహలు త్వరగా చెబుతాను. శీతాకాలంలో కరీబియన్ చెరువులా ఉండదు, క్రిస్మస్ గాలులు పిల్లలకు వాంతులు తెప్పిస్తాయి. కాటమరాన్ తక్కువ ఒరుగుతుంది నిజమే, కానీ కుదుపు ఉంటుంది. పగడం రాయి కాదు, ప్రాణి. లంగరు ఇసుకలోనే వేయాలి. షెంజెన్ వీసాతో మార్టినిక్, గ్వాడెలూప్ తిరగలేరు, అవి ఫ్రాన్స్‌లో భాగమే గానీ షెంజెన్‌లో లేవు. ఇక అమెరికాలో హెచ్‌1బి వీసా మీద ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త: అమెరికా వర్జిన్ దీవుల నుంచి బ్రిటిష్ వర్జిన్ దీవులకు దాటితే దేశం దాటినట్టే. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంటే తిరిగి రానివ్వరు. పడవ బుక్ చేసేముందే ఆ తేదీ చూసుకోండి.