పైలట్ ట్రైనింగ్ ఎందుకు లేట్ అవుతుంది? అసలు సమస్య షెడ్యూల్‌లోనే ఉంది!

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఫ్లయింగ్ స్కూల్ వాళ్లు ఏడాదిలో అయిపోతుందన్నారు. మా సీనియర్స్‌కి రెండేళ్లు దాటింది. ఎందుకు?" వాతావరణం, రిపేర్లు అని అందరూ చెప్తారు. అవి నిజమే. కానీ వీటన్నిటినీ కలిపే విషయం ఒకటుంది, అదే షెడ్యూలింగ్. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం.

ముందు లెక్క తెలియాలి. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ కావాలంటే డీజీసీఏ రూల్ ప్రకారం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మొత్తం మీ మీదే ఉండేలా ఎగరాలి. దూర ప్రయాణాలు, రాత్రి ఫ్లయింగ్‌కి కూడా ఇన్ని గంటలని వేరుగా ఉంటాయి.

ఇప్పుడు ఒక పెళ్లి ఊహించుకోండి. ముహూర్తం కుదరాలి, ఆ రోజు ఫంక్షన్ హాల్ ఖాళీగా ఉండాలి, పంతులుగారు దొరకాలి. ఒక్కటి కుదరకపోయినా పెళ్లి వాయిదానే. ఫ్లయింగ్ స్కూల్‌లో ముహూర్తం అంటే వాతావరణం, హాల్ అంటే విమానం, పంతులుగారు అంటే ఇన్‌స్ట్రక్టర్. తేడా ఏంటంటే, ఇక్కడ రోజుకి ఇరవైకి పైగా పెళ్లిళ్లు చేయాలి!

నా సొంత అనుభవం చెప్తా. మా బాబాయి కొడుకు ఒక స్కూల్‌లో ట్రైనింగ్‌లో ఉన్నాడు. వాడి స్లాట్లు వరసగా క్యాన్సిల్ అవుతుంటే నాకు ఒళ్లు మండింది. బీటెక్ చదివాం, సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాం, ఇదెంత అనుకుని వారం కూర్చుని ఒక చిన్న షెడ్యూలర్ రాశా. ముందు అడిగినవాళ్లకి ముందు స్లాట్, సినిమా టికెట్లలాగా. వాడు అది తీసుకెళ్లి వాళ్ల ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించాడు. ఆయన ఒక్కటే అడిగారట: "బాబూ, మీ అన్నయ్య గాలిని కూడా బుక్ చేస్తాడా?"

అప్పుడు నాకు అర్థమైన మూడు విషయాలు మీకు చెప్తా.

ఒకటి, స్లాట్లన్నీ ఒకటి కాదు. పొద్దున్నే గాలి నిలకడగా ఉంటుంది. మధ్యాహ్నం నేల వేడెక్కాక గాలి పైకి లేచి విమానం కుదుపులకి లోనవుతుంది. చాలా స్కూళ్లలో కనిపించే సెస్నా 172 పక్కగాలిని 15 నాట్ల వరకు తట్టుకున్నట్టు దాని మాన్యువల్‌లో ఉంటుంది. ఒంటరిగా ఎగిరే స్టూడెంట్‌కి స్కూళ్లు అంతకంటే తక్కువ పరిమితి పెడతాయి. అందుకే తొలి సోలోలు పొద్దున పెట్టాలి, కుదుపులు తట్టుకోగల పాఠాలు ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి మధ్యాహ్నం పెట్టాలి.

రెండు, విమానానికి తేదీ కంటే గంటలు ముఖ్యం. 50 గంటలకి చిన్న చెక్, 100 గంటలకి పెద్ద ఇన్‌స్పెక్షన్ ఉంటాయి. ఇంకా 3 గంటలే మిగిలిన విమానాన్ని 4 గంటల దూర ప్రయాణానికి పంపలేం. దాన్ని రన్‌వే చుట్టూ తిరిగే టేకాఫ్, ల్యాండింగ్ ప్రాక్టీస్‌కి వాడాలి. ఇంకో చిక్కుంది. నాలుగు విమానాలూ ఒకేలా వాడితే నాలుగూ ఒకే వారం హ్యాంగర్‌లో చేరతాయి. అందుకే మంచి షెడ్యూలర్ కావాలనే ఒకదాన్ని ఎక్కువ, ఒకదాన్ని తక్కువ తిప్పుతాడు.

మూడు, ఇన్‌స్ట్రక్టర్ మనిషి. అమెరికాలో రూల్ స్పష్టంగా ఉంది: 24 గంటల్లో 8 గంటలకు మించి ఫ్లైట్ ట్రైనింగ్ ఇవ్వకూడదు. అలసిపోయిన ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుంటే ప్రమాదం ఇద్దరికీ. పైగా స్టూడెంట్ సోలోకి వెళ్లినా ఇన్‌స్ట్రక్టర్ ఖాళీ అయినట్టు కాదు. పంపే ముందు వాతావరణం చూసి సరే అనాల్సింది ఆయనే.

ఇప్పుడు ఊరికే ఒక లెక్క వేద్దాం. స్కూల్‌లో 5 విమానాలు, ఒకటి హ్యాంగర్‌లో. మిగిలినవి 4. పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా, బ్రీఫింగ్, విమానం చుట్టూ చెకింగ్, ఇంధనం అన్నీ కలిపి ఒక్కో స్లాట్‌కి 2 గంటలు. అందులో గాల్లో ఉండేది గంట. అంటే రోజుకి 24 స్లాట్లు. స్టూడెంట్లు 48 మంది. ఒక్కొక్కరికి రెండు రోజులకి ఒక గంట. 200 గంటలకి 400 రోజులు. పొగమంచు, వాన, గాలి వల్ల సగం స్లాట్లు పోతే 800 రోజులు. ఇంకో విమానం కూడా ఆగిపోతే దాదాపు మూడేళ్లు. పొగమంచు పడిందని బ్యాంకు వడ్డీ ఆపదు కదా!

అసలు దెబ్బ ఇంకోటుంది. గ్యాప్ ఎక్కువైతే చేతికి వచ్చిన పని మళ్లీ పోతుంది. అప్పుడు సోలోకి పంపే ముందు ఇన్‌స్ట్రక్టర్ మళ్లీ పక్కన కూర్చుని చెక్ చేయాల్సిందే. దానికి ఇంకో స్లాట్, ఇంకో ఖర్చు. ఆ స్లాట్ ఇంకొకరి వంతులోంచి పోతుంది, వాళ్లకీ గ్యాప్ పెరుగుతుంది. మా తమ్ముడికి జరిగింది ఇదే. వాడి తప్పు లేదు, ఆ ఇన్‌స్ట్రక్టర్ తప్పూ లేదు. నేను రాసిన ప్రోగ్రామ్‌లో కూడా ఇదే లోపం. ఎవరు ముందు అడిగారో చూసింది గానీ, ఎవరు ఎగిరి ఎన్ని రోజులైందో చూడలేదు.

కాబట్టి ఫీజు కట్టే ముందు "మీ దగ్గర ఎన్ని విమానాలున్నాయి?" అని మాత్రమే అడగొద్దు. ఇవి అడగండి: ఈరోజు ఎగరడానికి రెడీగా ఉన్నవి ఎన్ని? వాటికి స్టూడెంట్లు ఎంతమంది? ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది? పోయిన నెల ఒక స్టూడెంట్ సగటున ఎన్ని గంటలు ఎగిరాడు? క్యాన్సిల్ అయిన స్లాట్ మళ్లీ ఎప్పుడు ఇస్తారు? వీలైతే ఒక పొద్దున వెళ్లి స్కూల్ బోర్డు మీద ఆ రోజు షెడ్యూల్ చూడండి. ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో టీ తాగుతూ వాళ్ల లాగ్‌బుక్ గురించి మాట్లాడండి. బ్రోచర్‌లో లేనిది అక్కడ తెలుస్తుంది.

మీ ఇంట్లోగానీ, ఫ్రెండ్స్‌లోగానీ ఎవరైనా ఈ కోర్సుకి లోన్ తీసుకోబోతుంటే, సంతకం పెట్టకముందే వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!